గుండెకు ఎడమ ఏదో ఎలా తెలిసింది?

పిల్లలూ! ఒకసారి అద్దం ముందు నిలబడి మిమ్మల్ని మీరు చూసుకోండి. నుదుటి నుంచి ముక్కు మీదుగా నిలువునా ఒక గీత గీసినట్టు వూహించుకుంటే, ఆ గీతకు అటూ ఇటూ ఒకే మాదిరిగా వుంటుంది. ఇటొక కన్ను, అటొక కన్ను. ఇటొక చెవి, అటొక చెవి. కాళ్లూ చేతులూ కూడా అంతే. కాగితం మధ్యకు మడిచి కత్తిరించిన బొమ్మలాగా మనిషి రెండువైపులా సమానంగా వున్నాడు.

లోపల మాత్రం ఈ సమానత్వం లేదు. గుండె ఛాతీ నడుమనే వుంటుంది గాని, దాని మొన ఎడమకు వాలి వుంటుంది. (నేను బడిలో పనిచేసిన రోజుల్లో “గుండె ఎక్కడున్నది?” అని అడిగితే తరగతి తరగతంతా ఎడమ చంక కింద చెయ్యి పెట్టేది. అంత ఎడమకు లేదు లెండి!) కాలేయం కుడివైపున వున్నది. పొట్ట, ప్లీహం ఎడమవైపున వున్నవి. కుడి ఊపిరితిత్తికి 3 తమ్మెలు, ఎడమ ఊపిరితిత్తికి 2 తమ్మెలు. ఇన్ని మూరల పేగు కూడా ఒకే వైపుకు మెలిక తిరిగి పొట్టలో సర్దుకుంటుంది. సుమారు 10 వేలమందిలో ఒకరికి తప్ప, ప్రపంచంలో అందరికీ ఏర్పాటు ఇదే.

పాశమైలారం నుంచి ఒక అమ్మాయి ఈ శీర్షికకు ఉత్తరం రాస్తూ ఇలా అడిగింది: “గుడ్డు గుండ్రంగా వుంటుంది గదా! అందులో తయారయే పిల్లకు ఇది నీ ఎడమ, ఇది నీ కుడి అని ఎవరు చెబుతారు?”

ప్రశ్న చిన్నదే. కాని దీనికి జవాబు దొరకటానికి పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులకు కూడా చాలా కాలం పట్టింది. చిక్కు ఎక్కడున్నదో తెలియాలంటే మీరొక ఆట ఆడాలి.

ఎక్కడో దూరలోకంలో వున్న ఒక జీవితో మీరు టెలిఫోనులో మాట్లాడుతున్నారనుకోండి. ఆ జీవికి మన మాటలన్నీ తెలుసును; ‘కుడి’, ‘ఎడమ’ అన్న రెండు మాటలు మాత్రం తెలియవు. ‘పైన’ అంటే ఏమిటని అడిగితే, వదిలిన రాయి ఎటు పడుతుందో దానికి ఎదురు దిక్కు అని మీరు చెప్పగలరు. ‘ముందు’ అంటే కళ్లు చూసే వైపు. మరి ‘ఎడమ’ అంటే? అన్నం తినని చెయ్యి అంటారు మీరు. వాళ్ల దేశంలో ఏ చేత్తో తింటారో ఎవరికి తెలుసు! గుండె వాలిన వైపు అంటారు. వాళ్ల గుండె ఎటు వాలిందో! ఎంతసేపు మాట్లాడినా మాటలతో ఇది తేలటం మహా కష్టం.

అదే, ఒక బోల్టునూ దానికి సరిపోయే నట్టునూ పార్సెలు కట్టి పంపగలిగితే చిక్కు ఇట్టే విడిపోతుంది. “బోల్టు తల మీ మొహానికి ఎదురుగా పెట్టుకుని, అది బిగిసేటట్టు తిప్పండి. తిప్పేటప్పుడు దాని పై అంచు ఎటు కదిలిందో అదే కుడి” అంటే సరిపోతుంది. ఎందుకంటే బోల్టు మరలోనే ఒక వాటం వున్నది. అది గడియారం ముళ్లు తిరిగేవైపు తిప్పితే బిగుస్తుంది, ఎదురు తిప్పితే వదులవుతుంది. (సైకిలు ఎడమ పెడలుకు మాత్రం ఎదురు మర వుంటుంది. తొక్కుతుంటే వూడిపోకుండా అలా చేశారు. నమ్మకం లేకపోతే సైకిలు షాపులో అడిగి చూడండి.)

ఇప్పుడు గుడ్డు సంగతికి వద్దాం. తల్లి కడుపులో గాని, గుడ్డులో గాని పిండం మొదట ఒక పల్చని రేకులాగా వుంటుంది. అందులో ముందుగా తేలేవి రెండు దిక్కులు: తల ఎటు, తోక ఎటు; వీపు ఎటు, పొట్ట ఎటు. ఈ రెండూ తెలిసినా మూడోది తెలియదు. టెలిఫోనులో మీరు పడిన అవస్థే పిండానికీ వున్నది. కనక దానికి కూడా ఒక బోల్టు కావాలి.

1990లో ఇంగ్లండులో నైజెల్ బ్రౌన్, లూయిస్ వోల్పర్ట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు సరిగా ఈ మాటే అన్నారు. తనలోనే ఒక వాటం గల అణువు ఏదో పిండంలో వుండి తీరాలి, అది తల-తోకలతోనూ వీపు-పొట్టలతోనూ పొత్తు కుదుర్చుకుని మూడో దిక్కు చూపిస్తుంది అని వాళ్ల వూహ. అటువంటిదాన్ని అప్పటికి ఎవరూ చూడలేదు. అయితే దాని జాడ ఒకటి అంతకు చాలా ముందే, ఎవరూ అనుకోని చోట, దగ్గే రోగుల దగ్గర దొరికింది!

స్విట్జర్లాండులో మానెస్ కార్టజెనర్ అనే వైద్యుడు వుండేవాడు. ఆయన 1933లో ఒక వింత కూటమిని గురించి రాశాడు. కొందరు రోగులకు చిన్నప్పటి నుంచీ ఎడతెగని దగ్గు, కఫం, ఎప్పుడూ కారే ముక్కు. వాళ్లను పరీక్షిస్తే గుండె కుడివైపున, కాలేయం ఎడమవైపున, అద్దంలో బొమ్మలాగా అంతా తారుమారుగా వున్నది. ముక్కు కారటానికీ, గుండె కుడివైపుకు పోవటానికీ ఏమిటి సంబంధం? 40 ఏళ్లకు పైగా ఎవరికీ అంతుపట్టలేదు.

దాన్ని విప్పినవాడు స్వీడన్ దేశపు బ్యోర్న్ అఫ్జెలియస్. మన ముక్కులోనూ గొంతుగొట్టంలోనూ లోపలి గోడ అంతటా నూగులాగా సన్నని పోగులు మొలిచి వుంటాయి. వీటిని శైలికలంటారు. గాలికి వరిచేను వూగినట్టు ఇవి సెకనుకు సుమారు 10 సార్లు వూగుతూ, మనం పీల్చిన దుమ్మునూ కఫాన్నీ పైకి ఊడ్చేస్తాయి. పటాన్‌చెరు రోడ్డు మీద లారీల వెనక నడిచి ఇంటికి వచ్చి తుమ్మారనుకోండి, ఆ దుమ్మును బయటికి తెచ్చింది ఈ చీపుళ్లే. ఒక్కొక్క శైలిక లోపల 9 జంటల గొట్టాలు గుండ్రంగా నిలబడి వుంటాయి. వాటికి డైనీన్ అనే చిన్న చిన్న చేతులుంటాయి. ఆ చేతులు లాగితేనే శైలిక కదులుతుంది. ఈ రోగుల శైలికలలో ఆ చేతులు లేవని 1976లో అఫ్జెలియస్ ప్రకటించాడు. చేతులు లేవు కనక కదలిక లేదు. కదలిక లేదు కనక కఫం ఊడ్చుకుపోదు. కడుపులో వుండగానే ఇటువంటి శైలికలు ఏవో పిండానికి దిక్కు చూపిస్తూ వుండాలని కూడా ఆయన అనుమానించాడు.

ఆ అనుమానం రుజువైంది 1998లో, జపానులోని తోక్యో విశ్వవిద్యాలయంలో. అక్కడ నొబుటాకా హిరోకావా, షిగెనోరి నోనాకా మొదలైనవారు ఎలుక పిండాలను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. ఎనిమిదో రోజు నాటి ఎలుక పిండం పొట్టవైపున ఒక చిన్న గుంట వుంటుంది. దానిలో కాస్త ద్రవం. గుంట అడుగున రెండు మూడు వందల శైలికలు. ఒక్కొక్కటి మిల్లీమీటరును 1000 భాగాలు చేస్తే అందులో 5 భాగాల పొడవు కూడా మించదు. ఇవి గొంతులోవాటిలాగా ముందుకూ వెనక్కూ వూగటం లేదు. గిరగిరా సుడి తిరుగుతున్నాయి! అన్నీ గడియారం ముళ్లు తిరిగేవైపే, నిమిషానికి 600 చుట్లు. ఆ సుడికి గుంటలోని ద్రవం కుడి నుంచి ఎడమకు వాగులాగా పారుతున్నది.

మీలో తెలివైనవారు ఇక్కడ నన్ను పట్టుకోవాలి. కవ్వం తిప్పితే మజ్జిగ గుండ్రంగా తిరుగుతుంది గాని ఒకే వైపుకు పారదు గదా! నిజమే. కిటుకంతా శైలిక నిలబడిన తీరులో వున్నది. అది నిటారుగా లేదు. తోకవైపుకు వాలి వున్నది.

దీన్ని మీ చేత్తోనే చేసి చూడవచ్చు. బల్ల ముందు కూర్చోండి. బల్ల మీద పిండం వెల్లకిలా పడుకుని వున్నదనీ, తల అవతలికి, తోక మీవైపుకు వున్నదనీ అనుకోండి. మీ మోచెయ్యి బల్ల మీద ఆనించి, ముంజేతిని మీవైపుకు వాల్చండి. ఇప్పుడు అరచేతిని పైనుంచి చూస్తే గడియారం ముళ్లు తిరిగినట్టుగా తిప్పండి. అవతలి సగంలో చెయ్యి నిటారుగా లేచి, ఎడమ నుంచి కుడికి పోతుంది. ఇవతలి సగంలో బల్లకు రాసుకున్నట్టు కిందుగా, కుడి నుంచి ఎడమకు వెనక్కు వస్తుంది. గుంట అడుగుకు దగ్గరగా వున్న ద్రవం అడుగును అంటిపెట్టుకుని వుంటుంది కనక అంతగా కదలదు. పైనున్న ద్రవం మాత్రం తోసిన వైపుకు పోతుంది. అంటే చుట్టు మొత్తం మీద నెగ్గేది అవతలి సగమే. ద్రవం మీ కుడివైపుకు పారుతుంది. వెల్లకిలా వున్న పిండానికి అది ఎడమ!

చూశారా, తల-తోక ఏవో శైలిక వాలు చెప్పింది. వీపు-పొట్టలు ఏవో గుంట అడుగు చెప్పింది. ఇక మిగిలిన బోల్టు మర, శైలిక తిరిగే వాటం. మూడూ కలిస్తే ఎడమ తేలింది.

“ద్రవం పారటం వల్లనే గుండె ఎడమకు పోయిందని ఏమిటి నమ్మకం?” అని అడిగే హక్కు మీకున్నది. నోనాకా 2002లో ఆ పరీక్ష కూడా చేశాడు. ఎలుక పిండాలను ఒక చిన్న గదిలో అమర్చి, పంపుతో ద్రవాన్ని ఎదురుదిక్కుకు, ఎడమ నుంచి కుడికి, జోరుగా పారించాడు. ఆ పిండాలలో కుడి ఎడమలు తారుమారయినాయి. శైలికలు కదలని పిండాలకు బయటి నుంచి ద్రవం పారిస్తే, అవి ఆ ప్రవాహం చెప్పినట్టే విన్నాయి. ఇంతకంటె గట్టి సాక్ష్యం ఏం కావాలి? తరవాత 2012లో జపాను శాస్త్రజ్ఞులే ఇంకొక విడ్డూరం కనిపెట్టారు. వందల శైలికలలో రెండు తిరిగినా చాలునట, పిండం ఎడమను పోల్చుకుంటుంది!

ఇక్కడ మన ప్రాంతంవారికి బాగా తెలిసిన ఒక సంగతి చెబుతాను. పటాన్‌చెరులో, పాశమైలారంలో ఏ కర్మాగారంలో చూసినా మూడు ఫేజుల మోటార్లుంటాయి. మామూలుగా అవి నిమిషానికి 1440 చుట్లు తిరుగుతాయి. కొత్తగా బిగించిన పంపు నీళ్లు సరిగా ఎత్తకపోతే మెకానిక్కు ముందుగా చూసేది అది ఎటు తిరుగుతున్నదని. “ఏం లేదు సారూ, ఉల్టా తిరుగుతున్నది. రెండు వైర్లు ఇటుదటు చేస్తే సీదా అయితది” అంటాడు. చేస్తే అయిపోతుంది కూడాను.

శైలిక మోటారుకు అలా మార్చటానికి వైర్లు లేవు. దాని వాటం దాని కట్టుబడిలోనే వున్నది. ఆ 9 జంటల గొట్టాల మీద డైనీన్ చేతులన్నీ ఒకే వైపుకు తిరిగి అతికి వుంటాయి. ఆ చేతులను కట్టిన ఇటుకలు అమైనో ఆమ్లాలు. మన శరీరంలోని మాంసకృత్తులన్నీ ఎడమ వాటపు అమైనో ఆమ్లాలతోనే కట్టినవి. ఎడమ కాలి జోడు కుడికాలికి సరిపోనట్టు, వీటి స్థానంలో అద్దపు బొమ్మలాంటి కుడివాటపువి ఇమడవు. మీ గుండె ఎటు వాలాలన్న నిర్ణయం కంటికి కనిపించని ఒక అణువు ఆకారం దాకా పోతున్నదన్నమాట!

మరి ఆ మోటారు ఆగిపోతే? గుండె కుడివైపుకు పోతుందని మీరనుకోవచ్చు. అలా జరగదు. బొమ్మా బొరుసా వేసినట్టు అవుతుంది. 1959లో హమ్మెల్, చాప్‌మన్ అనేవారు ఒక జాతి ఎలుకలను వర్ణించారు. వాటిలో సుమారు సగానికి గుండె మామూలుగా ఎడమకు, సగానికి కుడికి వుండేది. వాటి డైనీన్‌లోనే లోపం వున్నదని 1997లో తెలిసింది. కార్టజెనర్ చెప్పిన జబ్బు గల మనుషులలోనూ ఇంతే: సుమారు సగం మందికి అవయవాలు తారుమారుగా వుంటాయి, తక్కిన సగం మందికి మామూలుగానే వుంటాయి. వాటం చెప్పేవాడు లేకపోయినా శరీరం పని ఆపదు. ఏదో ఒకటి ఎంచుకుని ముందుకు పోతుంది.

పూర్తిగా తారుమారయినవారికి దానివల్ల సాధారణంగా ఇబ్బంది వుండదు. చాలామంది ఏదో పని మీద ఎక్స్‌రే తీయించుకునేదాకా తమ సంగతి తమకే తెలియకుండా బతుకుతారు. కాని వైద్యుడికి తెలియాలి. ఉండుకం వాచినప్పుడు అందరికీ కుడివైపు పొత్తికడుపులో నొప్పి వస్తే, వీళ్లకు ఎడమవైపు వస్తుంది. తెలియని డాక్టరు ఇంకేదో జబ్బనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అసలు ప్రమాదం కొన్ని అవయవాలు ఇటూ, కొన్ని అటూ అయినవారికి. అటువంటి పిల్లల గుండెలో గదులూ రక్తనాళాలూ సరిగా అతుక్కోక, పుట్టిన కొద్ది రోజులకే శస్త్రచికిత్స అవసరం కావచ్చు.

ఇంకొక మాట ఈ ప్రాంతపు పిల్లలకు ముఖ్యంగా చెప్పాలి. పుట్టినప్పటి నుంచీ రోజూ కఫంతో దగ్గే పిల్లను చూసి మన దగ్గర “ఫ్యాక్టరీల పొగ, ఏం చేస్తాం” అని తేలిగ్గా అనేస్తారు. పొగ దగ్గు తెప్పించదని నేననను. కాని ఆ పిల్ల శైలికలే కదలటం లేదేమో! గుండె ఎడమవైపే వున్నది గదా అని ఆ అనుమానాన్ని కొట్టిపారెయ్యటానికి వీల్లేదు. సగం మందికి అలాగే వుంటుందని ఇప్పుడే చెప్పుకున్నాం. ఏడాది పొడుగునా ముక్కు కారుతూ, దగ్గు తగ్గకుండా వుండే తమ్ముడో చెల్లెలో మీ ఇంట్లో వుంటే, పెద్ద ఆసుపత్రిలో ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించమని అమ్మానాన్నలకు చెప్పండి. ముందుగా తెలిస్తే ఊపిరితిత్తులను కాపాడుకునే మార్గాలున్నాయి.

పుర్రచేతి వాటం గలవారు మీలో కొందరు ఈపాటికి ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసుకుంటూ వుంటారు. కంగారు పడకండి. ఎడమచేత్తో రాయటానికీ దీనికీ సంబంధం లేదు. అవయవాలు తారుమారయినవారిలోనూ చాలామంది కుడిచేత్తోనే రాస్తారు.

ద్రవం ఎడమకు పారిన సంగతి పిండానికి ఎలా తెలుస్తుంది? గుంట అంచున తిరగని శైలికలు కొన్ని వుంటాయి. ప్రవాహం తగిలి ఎడమ అంచునున్నవి వంగుతాయి. 2023లో జపానులోనూ అమెరికాలోనూ రెండు బృందాలవారు కాంతికిరణాన్నే పట్టకారులాగా వాడి ఒక్కొక్క శైలికనూ వంచి, ఆ వంపే కబురని చూపించారు. అమెరికావారు ఇందుకు వాడింది జీబ్రాచేప. చారల చారలుగా వుండే ఈ చిన్న చేప మన దేశపు నీళ్లదే. ఆ కబురుతో ఎడమవైపున ‘నోడల్’ అనే జన్యువు మేలుకుంటుంది. అది ‘పిట్‌ఎక్స్-2’ అనే ఇంకొక జన్యువును లేపుతుంది. నిటారు గొట్టంలాగా వున్న గుండె మెలిక తిరగటం, పొట్ట ఒక పక్కకు జరగటం ఆ తరవాతి పనులు.

జన్యువులు ఇలా ఒకే పక్కన మేలుకుంటాయని మొదట తెలిసింది కోడిపిల్లలో. 1995లో అమెరికాలో క్లిఫర్డ్ టాబిన్ బృందం అది కనిపెట్టింది. కోడి మాట వచ్చింది గనక ఒక తమాషా వినండి. కోడిపెట్ట గుడ్డులో వున్నప్పుడు దానికి రెండువైపులా అండాశయాలు మొదలవుతాయి. కుడిది ఎదగకుండా ఆగిపోతుంది. ఎడమదానిని నిలబెట్టేది ఆ పిట్‌ఎక్స్-2 జన్యువే. కనక మీరు ఇంతవరకూ తిన్న కోడిగుడ్లన్నీ ఎడమవైపు నుంచి వచ్చినవే!

అంతకంటె తమాషా ఏమిటంటే, కోడి పిండంలో ద్రవాన్ని పారించే శైలికల సుడి లేదు. గుంట చుట్టూ వున్న కణాలే ఎడమవైపుకు కొద్దిగా జరుగుతాయని 2009లో తేలింది. ఎలుక ద్రవాన్ని తోస్తుంది, కోడి కణాలనే తోస్తుంది. ఆ తరవాత రెండింటిలోనూ ఎడమన మేలుకునేది నోడలే. ఒకే ఊరికి రెండు బాటలన్నమాట.

నత్తది మూడో బాట. దాని పిండం 4 కణాల నుంచి 8 కణాలయ్యేటప్పుడే పై నాలుగూ కింది నాలుగింటి మీద ఒక పక్కకు మెలిక తిరుగుతాయి. గుల్ల చుట్టు ఎటో అప్పుడే ఖాయమవుతుంది. అదీ ఆ నత్త జన్యువుల ప్రకారం కాదు. తల్లి నత్త జన్యువుల ప్రకారం! శంఖాలలో కూడా లక్షల్లో ఎక్కడో ఒకటి ఎదురు చుట్టుతో పుడుతుంది. మనవాళ్లు దాన్ని దక్షిణావర్త శంఖమంటారు, శాస్త్రజ్ఞులు ఎడమ చుట్టుదంటారు. తగవేమీ లేదు. మనం శంఖాన్ని ముక్కు పైకి వుండేటట్టు పట్టుకుంటాం, వాళ్లు చుట్ల మొన పైకి వుండేటట్టు పట్టుకుంటారు. (ఈ పేరుతో వేలకు వేలు పోసి అమ్మేవాటిలో మన సముద్రానివి కానివి చాలా వుంటాయి. అమెరికా తీరాన ఒక జాతి శంఖపు నత్తకు పుట్టుకతోనే అందరికీ ఎడమ చుట్టు!)

ఈ నెల మీకు పని: వాన కురిసిన మరునాడు నత్తగుల్లలు పది ఏరి, మొన పైకి, నోరు మీవైపుకు పెట్టి, నోరు ఎటు పక్కన వున్నదో చూడండి. పెరట్లో చిక్కుడు తీగ వుంటే అది పందిరి గుంజకు ఎటునుంచి ఎటు చుట్టుకున్నదో కూడా చూసి, రెండూ ఒక కార్డు మీద రాసి పంపండి.